మ్యాపుకెక్కని గుట్టలు

గోదావరిఖని చుట్టూ కనిపించే గుట్టల్లో చాలావరకు మనుషులు పోసినవే. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ తవ్వి, డంపర్లలో తెచ్చి, ఏళ్ల తరబడి ఒకచోట గుమ్మరిస్తే అవి లేచాయి. బాయిల మీద పనిచేసేవాళ్లు వాటిని ఓబీ గుట్టలంటారు. కొండ జారే ప్రమాదం ఎక్కడ ఎంతుందో చెప్పే మ్యాపులు దేశంలో చాలా ఉన్నాయి. ఈ గుట్టలు మాత్రం వాటిలో లేవు. ఎందుకు లేవు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని పాత రికార్డులు తిరగేశాను. అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. దొరికిన ఆధారాలను వరుసగా పాఠకుల ముందు పెడుతున్నాను. పనికిరాక వదిలేసినవి కూడా ఇందులో ఉన్నాయి.

పొసగని మూడు లెక్కలు

మొదటిది దేశం మొత్తానికి సంబంధించిన లెక్క. మంచు కప్పిన ప్రాంతాలు తీసేస్తే, కొండచరియల ముప్పున్న నేల 4.2 లక్షల చదరపు కిలోమీటర్లని కేంద్ర భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతూ వస్తున్నారు. దేశ భూభాగంలో ఇది 12.6 శాతం. ఇందులో డార్జిలింగ్, సిక్కింలతో కలిపి ఈశాన్య హిమాలయానిది 1.8 లక్షలు. వాయవ్య హిమాలయానిది 1.4 లక్షలు. పశ్చిమ కనుమలు, కొంకణ కొండలవి 0.9 లక్షలు. తూర్పు కనుమల్లో అరకు ప్రాంతానిది 0.1 లక్షలు. ఈ నాలుగూ కూడితే సరిగ్గా 4.2 వస్తుంది. ఐదో ప్రాంతానికి ఇందులో చోటు లేదు. తెలుగు నేలలో ఈ లెక్కలోకి వచ్చింది అరకు ఒక్కటే.

రెండోది 2023 ఫిబ్రవరిలో వచ్చిన జాతీయ కొండచరియల అట్లాస్. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోనే. 1998 నుంచి 2022 వరకు తీసిన ఉపగ్రహ చిత్రాలు చూసి, 17 రాష్ట్రాల్లో, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 80 వేల కొండచరియలను అందులో నమోదు చేశారు. 147 జిల్లాలకు ర్యాంకులిచ్చారు. రుద్రప్రయాగ మొదటిది, టెహ్రీ గఢ్వాల్ రెండోది. గోదావరిఖని ఉన్న పెద్దపల్లి జిల్లా ఆ వరుసలో లేదు.

మూడోది బొగ్గు గనుల్లో పెద్ద ప్రమాదాల జాబితా. 2000 జూన్ 24న మహారాష్ట్రలోని కవాడి ఓపెన్‌కాస్టులో 10 మంది చనిపోయారు. 2008 డిసెంబర్ 17న మధ్యప్రదేశ్‌లోని జయంత్ గనిలో ఓబీ గుట్ట జారి 5 మంది చనిపోయారు. 2016 డిసెంబర్ 29న ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో, లాల్‌మటియా దగ్గర, 23 మంది చనిపోయారు. మూడు చోట్లా జరిగింది ఒకటే. వాలుగా ఉన్న మట్టి, రాయి కదిలి కింద ఉన్న మనుషుల మీద పడ్డాయి. మూడు ప్రమాదాల్లో 38 ప్రాణాలు పోయాయి. మొదటి రెండు లెక్కలు ఈ ప్రాంతాల జోలికి పోలేదు. మూడో లెక్క శవాలను లెక్కపెట్టింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో చూడాలి.

‘మనది చదును నేల’ అన్న జవాబు

ఈ ప్రశ్నకు అందరూ ముందుగా చెప్పే జవాబు ఇదే. గోదావరి ఒడ్డు చదునుగా ఉంటుంది కాబట్టి చరియల ప్రశ్నే రాదంటారు. పాత సర్వే షీట్ల వరకు ఇది నిజం. గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతం 56ఎన్ షీటు పరిధిలోకి వస్తుంది. ఇక్కడ బొగ్గు తవ్వే సింగరేణి సంస్థలో ఓపెన్‌కాస్టులు మొదలైంది 1970ల మధ్యలో. అంతకుముందు కొలిచిన నేలలో ఈ గుట్టలూ లేవు, వాటి పక్కనున్న గోతులూ లేవు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. 90 మీటర్ల ఎత్తు వరకు ఓబీ గుట్ట పోయడానికి పర్యావరణ అనుమతులు ఇవ్వడం దేశంలో మామూలైపోయింది. చదును నేల అన్న జవాబు యాభై ఏళ్ల కిందటి నేలకే సరిపోతుంది. దాన్ని పక్కన పెట్టాను.

ఇదే పొరపాటు ఇప్పుడు కంప్యూటర్లో చేసే మ్యాపుల్లోనూ దూరే వీలుంది. నేల ఎత్తుల కోసం ప్రపంచమంతా వాడే ఒక సమాచారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించినది. దాన్ని ఆధారం చేసుకుని ఈరోజు బొగ్గుబెల్టుకు వాలు మ్యాపు గీస్తే, ఆ తర్వాత పోసిన గుట్టలు అందులో కనిపించవు. అప్పుడు నేలగా ఉండి ఇప్పుడు గోతిగా మారిన చోటు చదునుగానే కనిపిస్తుంది. హిమాలయంలో పాతికేళ్ల నాటి ఎత్తులతో పని జరగవచ్చు. డంపర్లు రోజూ మట్టి పోసే చోట జరగదు. అందుకే మ్యాపు చూసేటప్పుడు గీసిన తేదీ ఒక్కటే చూస్తే చాలదు. ఎత్తులు కొలిచిన తేదీ కూడా చూడాలి.

‘జాబితాలో లేకపోతే ముప్పు లేనట్టే’ అన్న జవాబు

దీన్ని పరీక్షించడానికి బొగ్గుబెల్టు బయటి తెలుగు ఊళ్లు చూశాను. 2020 అక్టోబర్ 21న విజయవాడ ఇంద్రకీలాద్రి మీద నుంచి బండరాళ్లు విరిగిపడ్డాయి. 2021 డిసెంబర్ 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడి రాకపోకలు ఆగాయి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండ జారి, ఇళ్లలో ఉన్నవాళ్లు చనిపోయారు. విజయవాడ అరకులో లేదు. తిరుమలా అరకులో లేదు. దేశం లెక్కలో చోటు లేని ప్రాంతాల్లోనూ కొండలు విరిగిపడ్డాయి. జాబితాలో పేరు లేకపోవడం క్షేమానికి రుజువు కాదని తేలింది. ఇక పేరు ఎందుకు లేదన్నది చూడాలి.

ప్రమాదాల జాబితాలో గోదావరిఖని

గని ప్రమాదాల జాబితాలో గోదావరిఖని పేరు కోసం చూస్తే ముందుగా కనిపించేది 2003 జూన్ 16. ఆ రోజు 7ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. బొగ్గుబెల్టులో ఆ తేదీ తెలియని ఇల్లు ఉండదు. అయితే అది నీరు ముంచెత్తిన ప్రమాదం. వాలు జారినది కాదు. మన ప్రశ్నకు అది జవాబు కాదు కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

ఆ జాబితా చూస్తుంటే పద్దుల సంగతి బయటపడింది. ‘పక్కలు కూలడం’ అన్న పద్దు ఒకటి ఉంది. భూగర్భ గనిలో బొగ్గు స్తంభం పక్క నుంచి ఒక పెళ్ల రాలి కార్మికుడి మీద పడినా అదే పద్దు. ఓపెన్‌కాస్టులో ఒక వాలు మొత్తం జారినా అదే పద్దు. పద్దుల వారీ మొత్తాలు చూసే పరిశోధకుడికి ఈ రెండూ విడివిడిగా కనిపించవు. కొండచరియల లెక్క రాసేవాళ్లు ఈ జాబితాలో వెతికినా తమకు కావలసింది సులువుగా దొరకదు. తేడా పుట్టిన చోట్లలో ఇది ఒకటి. ఎవరైనా కావాలని ఇలా చేశారనడానికి ఆధారం లేదు. గని పద్దులు భూగర్భ గనులు ఎక్కువగా ఉన్న కాలంలో పుట్టాయి.

వాన మీద మోపిన నేరం

మట్టి జారిందంటే వాన పడిందనుకోవడం అలవాటు. పై మూడు ప్రమాదాల తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. కవాడి జూన్ నెలాఖరులో జరిగింది. అది వానల మొదలు. జయంత్ డిసెంబర్ 17. రాజ్‌మహల్ డిసెంబర్ 29. మూడింట రెండు నడి చలికాలంలో జరిగాయి. వాన ఒక్కటే కారణమైతే డిసెంబర్ తేదీలు ఈ జాబితాలో ఉండకూడదు. వానకు పాత్ర లేదని దీని అర్థం కాదు. వానాకాలంలో దిగిన నీరు గుట్ట లోపల నెలల తరబడి నిలిచే వీలుంది. కానీ ‘వానాకాలం దాటింది, ఇక భయం లేదు’ అనే ధీమాను ఈ రెండు తేదీలు ఒప్పుకోవు.

రాజ్‌మహల్ అంకెల చిక్కు

రాజ్‌మహల్ ప్రమాదం జరిగిన మర్నాడే కేంద్రం ఒక ప్రకటన ఇచ్చింది. అందులోని కొలతలు ఇవి. ఓబీ గుట్ట కింది గట్టి నేల 300 మీటర్ల పొడవున, 110 మీటర్ల వెడల్పున, 35 మీటర్ల మేర కిందికి జారింది. కదిలిన మట్టి సుమారు 95 లక్షల ఘనపు మీటర్లు. కాగితం తీసుకుని గుణించాను. 300ను 110తో హెచ్చవేస్తే 33,000 చదరపు మీటర్లు. దాన్ని 35తో హెచ్చవేస్తే 11.55 లక్షల ఘనపు మీటర్లు. ప్రకటనలోని అంకె దీనికి ఎనిమిది రెట్లు పైనే ఉంది.

35 మీటర్లు మందం కాదని, జారిన దూరమని అనుకుని మళ్లీ చూశాను. అప్పుడు మందం ఎంతుండాలి? 95 లక్షలను 33,000తో భాగిస్తే 288 మీటర్లు వస్తుంది. అంత మందాన ఒక గుట్ట కదలడం కుదరదు. కాబట్టి విస్తీర్ణం, ఘనపరిమాణం రెండూ ఒకే వస్తువు కొలతలు కావు. ఒకటి నేల పగిలిన మేర కావచ్చు, ఇంకొకటి మట్టి పరుచుకున్న మొత్తం కావచ్చు. మర్నాటి తొందరలో వచ్చిన ప్రాథమిక అంకెలు అవి. అంతకుమించి వాటి గురించి ఏమీ అనలేం. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గుట్ట కొలతలు ప్రమాదానికి ముందే మ్యాపులో నమోదై ఉంటే, పాత ఎత్తుల్లోంచి కొత్త ఎత్తులు తీసేసి ఎంత కదిలిందో ఆ రోజే చెప్పవచ్చు.

అదే ప్రకటనలో అంకెల కంటే విలువైన వాక్యం ఒకటి ఉంది. కంటికి కనిపించని భ్రంశం (రాతి పొరల పగులు) వెంట బెంచీ (మెట్టు) అంచు విరగడం కారణం కావచ్చని అందులో రాశారు. అంటే చూపు గుట్ట మీద నుంచి గుట్ట కింది నేల మీదికి మళ్లింది. పోసిన మట్టి ఎంత వాలుగా ఉందన్నది సగం ప్రశ్న. ఆ మట్టి దేని మీద కూర్చుందన్నది మిగతా సగం.

రామగుండం నేల కింద ఏముంది

ఈ రెండో సగం మన దగ్గర ఎలా ఉందో చూద్దాం. గోదావరి లోయ బొగ్గు గోండ్వానా కాలపు రాళ్లలో ఉంది. ఇసుకరాయి, బొగ్గు, బంకమన్ను పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రామగుండం దగ్గర అవి చదునుగా పరచి లేవు, ఈశాన్యం వైపు వాలి ఉన్నాయి. బొగ్గు తీసిన తర్వాత గోతి అడుగు కూడా ఆ వాలులోనే మిగులుతుంది. తవ్విన మట్టిని అదే గోతిలో పోస్తే దాన్ని ఇంటర్నల్ డంప్ అంటారు. ఆ డంప్ కింది నేల ఏటవాలు. ఆ నేల మీద పల్చని బంక పొర మిగిలి, అది తడిస్తే, మీది బరువుకు జారే దారి దొరుకుతుంది. డంప్ పైవాలు నిబంధన ప్రకారమే ఉన్నా ఇది జరగవచ్చు.

దీనికి తోడు పాత పనులు ఉన్నాయి. ఈ ప్రాంతంలో ముందు వచ్చింది భూగర్భ గనులు. స్తంభాలు వదిలి గ్యాలరీలు తవ్విన చోట్లను తర్వాత ఓపెన్‌కాస్టులుగా మార్చారు. గోదావరిఖని ఐదో ఇంక్లైన్ అలాగే ఓపెన్‌కాస్టు అయింది. అలాంటి చోట గోడలోనూ అడుగులోనూ ఖాళీలు ఉంటాయి, వాటిలో నీరూ ఉండవచ్చు. వాటి ఆనవాళ్లు గని సర్వే ఆఫీసులోని పాత ప్లాన్లలో ఉంటాయి. ఉపగ్రహానికి ఇవేవీ కనిపించవు. అందువల్ల ఈ బెల్టుకు మ్యాపు వేయాలంటే ఆకాశం నుంచి తీసిన చిత్రం చాలదు. సర్వే ఆఫీసు బీరువా కూడా తెరవాలి.

ఒకే నిబంధనలో రెండు వాలులు

ఓబీ గుట్ట ఎంత వాలుగా ఉండాలో చెప్పే నిబంధన ఉంది. 2017 బొగ్గు గనుల నిబంధనలు గుట్ట వాలు 37.5 డిగ్రీలు దాటకూడదన్నాయి. 30 మీటర్లు మించితే బెంచీలుగా పోయాలని, మొత్తం వాలు నిలువు ఒకటికి అడ్డం ఒకటిన్నర మించకూడదని కూడా అన్నాయి. ఒకటికి ఒకటిన్నర అంటే 33.7 డిగ్రీలు. 37.5, 33.7 రెండూ ఒకేచోట ఉండటం మొదట తప్పుగా అనిపిస్తుంది. కానీ తప్పు లేదు. 37.5 ఒక్కో బెంచీ ముఖానికి. 33.7 అడుగు నుంచి శిఖరం దాకా గీసిన గీతకు. బెంచీల మధ్య వదిలిన వెడల్పు వల్ల మొత్తం వాలు తగ్గుతుంది. ఈ చిక్కు ఇక్కడితో తీరింది. అయితే ఈ రెండు అంకెలూ గుట్ట పైవాలు గురించే చెబుతాయి. అడుగున ఏముందో ఈ డిగ్రీలు చెప్పవు.

కొండలకు రాసిన కొలబద్ద

కొండచరియల ముప్పు మ్యాపు ఎలా గీయాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 14496 రెండో భాగం. 1998లో వచ్చింది. దాని శీర్షికలోనే పర్వత ప్రాంతాల కోసం అని ఉంది. ఇదే అసలు తాళం చెవి. 2014లో మొదలైన 1:50,000 స్కేలు జాతీయ మ్యాపింగ్ కూడా కొండ ప్రాంతాలకే పరిమితమైంది. మనుషులు పోసిన గుట్టను చేర్చాలా వద్దా అని ఎవరో చర్చించి వద్దన్న దాఖలా నాకు కనిపించలేదు. పని పరిధి మొదటే పర్వతాల దగ్గర ఆగింది. బొగ్గుబెల్టు ఆ గీత బయట పడింది.

మరి ఆ కొలబద్దను ఓబీ గుట్టకు పెడితే ఏం చెబుతుంది? ఆ ప్రమాణం ఆరు అంశాలకు మార్కులు వేస్తుంది. రాయి లేదా మట్టి రకానికి 2, నిర్మాణానికి 2, వాలుకు 2, ఎత్తు తేడాకు 1, నేల మీది పచ్చదనానికి 2, నీటికి 1. మొత్తం 10. 3.5 లోపు వస్తే ముప్పు చాలా తక్కువ. 5 వరకు తక్కువ. 6 వరకు మధ్యస్థం. 7.5 వరకు ఎక్కువ. అది దాటితే చాలా ఎక్కువ.

ఒక నమూనా గుట్ట తీసుకున్నాను. ఎత్తు 90 మీటర్లు, వాలు 37 డిగ్రీలు, కొత్తగా పోసిన వదులు మట్టి, గడ్డి కూడా మొలవలేదు, వానకు తడిసి ఉంది. వదులుగా ఉన్న కొత్త శిథిల మట్టికి 2.0. నిర్మాణం కింద మట్టి లోతు చూడాలి. 20 మీటర్లు మించిన లోతుకు 1.2. 36 నుంచి 45 డిగ్రీల వాలుకు 1.7. 100 మీటర్లలోపు ఎత్తు తేడాకు 0.3. బోడి నేలకు 2.0. తడికి 0.5. మొత్తం 7.7. దేశం తన కొండల కోసం రాసుకున్న ప్రమాణంలో ఇది అన్నింటికన్నా పైతరగతి. అదే గుట్ట పూర్తిగా ఆరి ఉంటే 7.2. అది కూడా ‘ఎక్కువ’ తరగతే.

తర్వాత లెక్కను తిరగేసి చూశాను. ఏం చేస్తే మార్కులు తగ్గుతాయి? బెంచీలు కట్టి మొత్తం వాలును 33.7కు తెస్తే వాలు మార్కు 1.2 అవుతుంది. తడి గుట్ట 7.7 నుంచి 7.2కు దిగుతుంది. వాలు సరిచేయడం ఒక్కటే అయితే తగ్గేది అర మార్కు. దాని మీద చెట్లు దట్టంగా పెరిగితే పచ్చదనం మార్కు 2.0 నుంచి 0.8కి పడి, మొత్తం 6.0 అవుతుంది. నీరు బయటికి పోయి గుట్ట ఆరితే 5.5. మట్టి పాతబడి గట్టిపడితే ఇంకో 0.8 తగ్గి 4.7. చాలా ఎక్కువ నుంచి తక్కువ వరకు మూడు తరగతులు దిగింది. డిగ్రీలు చూసి ఊరుకోకుండా చెట్లు, కాలువలు, మట్టి గట్టితనం కూడా చూడాలని ఈ లెక్క చెబుతోంది.

ఈ లెక్కకు హద్దులు ఉన్నాయి. ఆ ప్రమాణం సహజమైన కొండ ముఖాలను విశాల ప్రాంతం మీద జల్లెడ పట్టడానికి రాసింది. ఫలానా గుట్ట ఫలానా రోజు జారుతుందని చెప్పదు. 16 నుంచి 20 మీటర్ల మట్టికి 2.0 ఇచ్చి, అంతకన్నా లోతైన మట్టికి 1.2 ఇవ్వడం 90 మీటర్ల గుట్టకు ఎంతవరకు న్యాయమో తేల్చాలి. ఇంటర్నల్ డంప్ కింది ఏటవాలు అడుగుకు దానిలో పద్దు లేదు. కాబట్టి నా అంకె తీర్పు కాదు, పరీక్షకు పంపాల్సిన గుట్ట ఏదో చూపే గుర్తు. ఆ పని మాత్రం ఈ కొలబద్ద చేయగలదు. పర్వతం కాదన్న ఒక్క కారణంతో దాన్ని మూల పెట్టాల్సిన పని లేదు.

ఒక పాత ప్రమాదం, ఒక పాత మ్యాపు

బొగ్గు గుట్టకు మ్యాపు ఎందుకన్న ప్రశ్నకు వేల్స్‌లోని అబర్‌ఫాన్ జవాబిచ్చింది. 1966 అక్టోబర్ 21 ఉదయం అక్కడి గని వ్యర్థాల ఏడో గుట్ట జారి కింది ఊరి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వాళ్లలో 116 మంది పిల్లలు. ఆ గుట్ట ఎత్తు 34 మీటర్లే. మన నమూనా గుట్టలో సగం కూడా లేదు.

ఆ గుట్ట కింద ఊట ఉన్న సంగతి ఎవరికీ తెలియదని గనుల సంస్థ తరఫున మొదట చెప్పారు. పాత మ్యాపులు తీసి చూస్తే ఆ చోట నీటి ఊటలు గీసి ఉన్నాయి. అదే కొండ మీద గుట్టలు 1944లో, 1963లో కూడా జారాయి. 1967లో వచ్చిన విచారణ నివేదిక తప్పు సంస్థదేనని తేల్చింది. 1969లో గని గుట్టల భద్రతకు అక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది. అబర్‌ఫాన్‌లో మ్యాపు ఉంది. గుట్ట ఉంది. మ్యాపును గుట్ట పక్కన పెట్టి చూసిన మనిషి లేడు.

గోదావరి నీటిమట్టం

మిగిలింది నీరు. 2019లో కాళేశ్వరం బ్యారేజీలు నిండాక సుందిళ్ల బ్యారేజీ వెనక నీరు గోదావరిఖని దాకా నిలిచింది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తర్వాత బ్యారేజీలు ఖాళీ చేశారు. నాలుగైదేళ్లలో నది ఒడ్డు నిండు నీటినీ చూసింది, ఖాళీనీ చూసింది. దీనివల్ల ఏ గని వాలైనా జారిందా? అలా చెప్పే రికార్డు నాకు దొరకలేదు. కారణాల జాబితాలోంచి దీన్ని తీసేశాను. మ్యాపులో ఉండాల్సిన అంశాల జాబితాలో మాత్రం ఉంచాను. వాలు ముందు నీరు వేగంగా తగ్గితే, లోపల ఇంకిన నీరు బయటికి నెడుతుంది. ఇటలీలో వయోంట్ జలాశయం నీటిమట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ వచ్చిన కాలంలోనే పక్క కొండ కదలడం మొదలైంది. 1963 అక్టోబర్ 9న ఆ కొండ జలాశయంలోకి జారి, ఎగసిన నీటికి సుమారు 2,000 మంది చనిపోయారు.

ఇది ఇక్కడ ఎందుకు చెప్పాలంటే, పని ముగిసిన ఇక్కడి మేడిపల్లి ఓపెన్‌కాస్టు గోతిలో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం కట్టే ప్రతిపాదన ఉంది. అలాంటి కేంద్రంలో నీటిమట్టం రోజూ లేస్తుంది, రోజూ దిగుతుంది. ఆలోచన మంచిదే. ఖాళీ గోతికి మంచి ఉపయోగం. కానీ ఆ గోతి గోడలు పొడిగా బొగ్గు తీయడానికి తవ్వినవి. రోజూ తడిసి ఆరే వాలుకు వేరే లెక్క కావాలి.

తేలింది ఇది

చిక్కుముడి విప్పితే లోపల రెండు దస్త్రాలు కనిపించాయి. కొండచరియల దస్త్రం ప్రకృతి లేపిన కొండల దగ్గర ఆగింది. గనుల దస్త్రం లీజు హద్దు దగ్గర, కార్మికుడి భద్రత దగ్గర ఆగింది. ఓపెన్‌కాస్టుల్లో వాలు కదలికను మిల్లీమీటర్లలో పట్టే రాడార్లు వచ్చాయి. సింగరేణిలోనూ వాడారు. అవి గనిలో పనిచేసే వాళ్లను కాపాడే సాధనాలు. గుట్ట అడుగున లీజు బయట ఉన్న ఇల్లు, పొలం, రోడ్డు వాటి పని కాదు. పని ముగిసి గని మూతపడితే రాడార్ వెళ్లిపోతుంది, గుట్ట అక్కడే ఉంటుంది. ఈ రెండు దస్త్రాల మధ్య మిగిలిన నేలే గోదావరిఖని. ఎవరో దాచారని నేను అనడం లేదు. దాచినట్టు ఆధారం లేదు. ఎవరి పనిగానూ రాయలేదన్నది మాత్రం రికార్డు.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు విపత్తు ప్రణాళిక ఉండాలి. పెద్దపల్లి, మంచిర్యాల, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల ప్రణాళికల్లో ఓబీ గుట్టల ముప్పు మ్యాపు ఒక అధ్యాయం కావాలి. 1:50,000 స్కేలు దీనికి చాలదు. రాజ్‌మహల్‌లో జారిన 300 మీటర్ల నేల ఆ స్కేల్లో 6 మిల్లీమీటర్లు. ప్రతి వానాకాలం ముందు కొత్తగా కొలిచిన ఎత్తులు, కింది నేల వాలు, పాత గ్యాలరీల ప్లాన్లు, పాత వాగుల జాడలు, నీరు బయటికి పోయే దారులు అందులో ఉండాలి. అది తెలుగులో, గ్రామ పంచాయతీ గోడ మీద ఉండాలి. ఇందుకు కావలసిన కొలబద్ద 1998 నుంచి ఉంది. ఉపగ్రహ చిత్రాలు చదివే నిపుణులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. గని ప్లాన్లు సర్వే ఆఫీసుల్లో ఉన్నాయి.

మీ ఊరు ఓబీ గుట్ట నీడలో ఉంటే, ఈ ఏడాది వానలకు ముందే పంచాయతీలో, కలెక్టరేట్‌లో రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఈ గుట్ట ఎత్తు చివరిసారి ఎప్పుడు కొలిచారు? ఇది ఏ నేల మీద కూర్చుంది? జవాబు కూడా రాతలోనే తీసుకోండి.